సగం ధరకొచ్చిన ట్యాంకు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సంవత్సరీకం భోజనాలయ్యాక నీ ఫోను తెరిచాను. నువ్వాడే ట్యాంకుల ఆటలో, ఏ పెద్ద ట్యాంకు కోసమైతే రెండేళ్లు వెండి నాణేలు కూడబెట్టావో, అది సగం ధరకొచ్చింది.

నా సంగతి నీకు తెలుసుగా. సగం ధర అని కనబడగానే కొనేయబోయాను. వెనక నుంచి అక్క అరిచింది.

"ఆగరా! కొత్తది నాసి గన్నుతో వత్తాది. అది మార్సడానికీ, దెబ్బతింటే బాగుసేసుకోడానికీ వెండి మిగుల్తాదో లేదో సూసుకోవా? నాలుగు జీడిపిక్కలు కోసి సూడకుండా బస్తా కొంటావేటి?"

అచ్చం నీ మాటలే. ఆ ఆటని తిట్టని రోజు లేని అక్కకి ఇదంతా ఎలా తెలుసని అడిగాను.

"పలాసలో డయాలసిస్ అవుతున్నంతసేపూ మీ బావ ఎడం సేతికి సూదులుండీవి, కదపకూడదు. కుడిసేత్తో పేల్సీవోడు. మరి ట్యాంకెవులు నడిపీవోరనుకున్నావు?"

చూస్తే, కొన్నాక మిగిలే వెండి నిజంగానే చాలదు. కొనడం మానేసి నీ పాత ట్యాంకుకే కొత్త ఇంజను వేశాను.

అక్క వచ్చి నా ఎడమ పక్కన కూర్చుంది. తెర మీద బొటనవేలు పెట్టి, ట్యాంకుని నెమ్మదిగా నడిపి ఒక రాయి చాటున ఆపింది.

"ఇంక నువ్వు పేల్సు," అంది.

అంటూనే, అలవాటు కొద్దీ, నా ఎడమ చేతికేసి చూసింది, సూదులు కదల్లేదు కదా అని.

నీ బామ్మర్ది