నూనె పెట్టని తల

జూలై 8, సోమవారం

తప్పు నాదే. కోడలు సరళకుమారి డ్యూటీకి వెళ్తూ రెండుసార్లు చెప్పింది, షారన్ తలకి షాంపూ చెయ్యండి అత్తయ్యా, నూనె చుక్క కూడా పెట్టొద్దు అని. తను నర్సు, ఊరికే చెప్పదు. కానీ ఎనిమిదేళ్ల మనవరాలు పీచు జుట్టుతో ఆసుపత్రికి వెళ్తే చూసేవాళ్లు తల్లి లేని పిల్ల అనుకోరూ? రెండంటే రెండు చుక్కలు రాశాను.

తలకి అతికించే వైర్లు ఒక్కటీ నిలవలేదు. ఈఈజీ టెస్టు పది రోజులు వాయిదా పడింది. టెక్నీషియన్ కృష్ణకుమారి, ఈ హిందీవాళ్ల ఊళ్లో ఉన్నా, మన ఏలూరు వైపు పిల్లే. మామ్మగారూ, ఇది తలా, పకోడీల మూకుడా అంది. నవ్వుతూనే అంది. నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చి సరళకి మిషను పాడైందని చెప్పాను.

జూలై 9

బడిలో షారన్ మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతోందని టీచరు అన్నారట. కళ్లు తెరిచే ఉంటాయట, పిలిస్తే పలకదట. రోడ్డు మధ్యలో ఆగిపోతే?

జూలై 13, శనివారం

ఆగిపోయింది. ఆర్.కె. పురం మార్కెట్ దగ్గర, రోడ్డు మధ్యలోనే. చెయ్యి పట్టుకుని ఉన్నాను కాబట్టి సరిపోయింది. బచ్చీ కో సంభాలో అమ్మా, పిల్లని చూసుకో అని ఆటోవాడు కసిరాడు.

సరళకి నూనె సంగతి చెప్పేశాను. కంచంలో వడ్డించి, అన్నం తినండి అత్తయ్యా అంది.

జూలై 18, గురువారం

నూనె పెట్టలేదు. ఈసారి సరళ కూడా వచ్చింది. వైర్లు నిలిచాయి. పిల్లకి కరెంటు పెడతావా అమ్మా అని అడిగాను. పెట్టం మామ్మగారూ, తలలో ఉన్నదాన్నే వింటాం అంది కృష్ణకుమారి.

తలలో కోట్ల కణాలు సన్నని కరెంటుతో కబుర్లాడుకుంటాయట. మనం పనిలో ఉంటే ఎవరి గోల వాళ్లది, చేపల బజారులా. అందుకే తెర మీద గీత సన్నగా, గబగబా వణుకుతుందట. కళ్లు మూసుకుని ఊరుకుంటే సెకనుకి పది అలలట. గాఢనిద్రలో ఒకటో రెండో, కానీ పెద్దపెద్దవి. ఎక్కువ కణాలు కలిసి పలికితే అల పెద్దదవుతుందట.

కలిసి పలకడం మంచిదేగా, చర్చిలో అందరం కలిసి చప్పట్లు కొట్టమా అన్నాను. పాటకి మంచిదే, మెలకువగా ఉన్న తలంతా ఒక్కసారి చప్పట్లు మొదలుపెడితే పిల్లకి మీ పిలుపు ఎలా వినపడుతుంది అంది.

నా బెంగ కూడా ఇందులో కనపడుతుందా అన్నాను. మీకు ఈ తెర చాలదు మామ్మగారూ అంది.

తర్వాత షారన్‌ని కాగితం గాలిమర ఊదమంది, గట్టిగా ఊదితే ఆ ఆగిపోవడం బయటపడుతుందట. ఊదుతూ ఊదుతూ ఆగిపోయింది. తెర మీద గీతలన్నీ ఒకేసారి లేచాయి. ఎత్తుగా, సెకనుకి మూడు, అన్నీ ఒకేలా. కాసేపటికి పడుకున్నాయి. షారన్ ఏమీ జరగనట్టు మళ్లీ ఊదింది.

మందుకి తగ్గుతుందన్నారు డాక్టరు. ఎప్పటినుంచి ఇలా అని అడిగారు. సరళ రెండు నెలలంది. నేను ఏడాది అన్నాను.

ఊదుతూ ఆగిపోయిన ఆ ముఖం నాకు తెలుసు. నూనె రాసి జడ వేస్తుంటే అద్దంలో రోజూ చూసిందే. నా చేతి హాయికి కునుకు తీస్తోందని మురిసిపోయాను.

ఆగస్టు 18, ఆదివారం

మందు మొదలుపెట్టి నెల. సరళే నూనె సీసా తెచ్చి నా చేతికిచ్చింది. జడ పూర్తయ్యేదాకా షారన్ నోరు మూయలేదు. అంతా హిందీ. సగం నాకు అర్థం కాలేదు. దేవునికి స్తోత్రం.