గొట్టం జారలేదు

బావగారికి,

మీ ఎదుట ఎన్నడూ నోరు విప్పని నేను ఉత్తరం రాస్తున్నానని ఆశ్చర్యపోకండి.

మీరు చెక్కతో చేసిచ్చిన టెలిస్కోపు కిర్రుమంటోందని, కుట్టుమిషనుకు వేసినట్టే దాని ఇరుసులకు నూనె వేశాను. అప్పట్నుంచీ గొట్టం పైకెత్తి వదిలితే మెల్లగా కిందికి వాలిపోతోంది. చుక్క దొరక్క మీ తమ్ముడు, "ఇక నా కళ్ళ పని అయిపోయిందే," అని దాని దగ్గరికి వెళ్ళడమే మానేశారు. భయపడి నూనె సంగతి చెప్పలేదు.

నిన్న ఆ నూనె తుడిచేసి, పక్కనున్న స్ప్రింగులు బిగించాను. మరీ బిగిస్తే కదల్లేదు. కాస్త వదులు చేశాక ఎక్కడ పెడితే అక్కడే నిలిచింది. చీకటి పడగానే గురుగ్రహాన్ని పట్టాను. పక్కన నాలుగు చిన్న చుక్కలూ కనిపించాయి. ఆయన్ని పిలిచి తప్పు ఒప్పుకున్నాను.

"ఓసి మొద్దూ! నన్ను గుడ్డివాణ్ణి చేశావు కదే," అని నవ్వుతూ కన్ను ఆనించారు. కొద్ది క్షణాలు చూశారు.

"ఇంకా జారుతూనే ఉందే," అన్నారు.

వెంటనే నేను చూశాను బావగారూ. గురుడు నట్టనడుమనే ఉన్నాడు.

స్ప్రింగులు సరిచేసే నెపంతో రండి. కంటి ఆసుపత్రికి వెళ్దామంటే నా మాట వినరు, మీరే తీసుకెళ్ళాలి. పనిముట్ల సంచి తప్పకుండా తెచ్చుకోండి. ఉత్త చేతులతో వస్తే ఆయనకు అర్థమైపోతుంది.

మీ మరదలు