గూబల చిరునామా

ఈశ్వర్ బావా,

ఫోన్ చేస్తే మళ్ళీ అరుచుకుంటాం. అందుకే ఈ కాగితం అత్త చేతికిచ్చి పంపుతున్నాను.

నిన్న మీ కమ్యూనిటీ రేడియోలో గుడ్లగూబల కార్యక్రమం విన్నాను. మూడు నెలలు డాబా ఎక్కి ఆ జంటను చూసి రాసింది నేను. చదివింది నువ్వు. ప్రజల రేడియో అంటారు, పనిచేసినవాడి పేరు మాత్రం చెప్పరు! నీ ఛత్తీస్‌గఢీ తీయగా ఉంటుంది, నా హిందీలో తెలుగు యాస కొడుతుంది, ఒప్పుకుంటాను. కానీ మా అమ్మే "ఈశ్వర్ ఎంత బాగా కనిపెట్టాడ్రా!" అంటే ఒళ్ళు మండిపోయింది.

ఆ మంటలోనే, కార్యక్రమం చివర్లో శ్రోతల ఫోన్లు తీసుకుంటుంటే నేనూ చేశాను. నీకన్నా నాకే ఎక్కువ తెలుసని అందరూ వినాలని, గూబలు రైల్వే క్వార్టర్ల వెనక పాత నీళ్ల ట్యాంకులో ఉన్నాయని చెప్పేశాను. దీపావళి పూజల్లో బలివ్వడానికి గూబల్ని పట్టుకుపోతారని, చోటు చెప్పకూడదని రాసిన కరపత్రం నీకిచ్చిందే నేను.

ఇవాళ పొద్దున్నే ఇద్దరు వల తెచ్చి, "భయ్యా, రేడియోలో చెప్పిన ట్యాంకు ఎక్కడ?" అని నన్నే అడిగారు. తిట్టి తరిమేశాను. పక్షులింకా ఉన్నాయి. ఆదివారం కార్యక్రమం మళ్ళీ వేస్తారు కదా, అందులో నా ఫోన్ మాటలు మొత్తం తీసెయ్యి. నువ్వే కనిపెట్టానని చెప్పుకున్నా నోరెత్తను.

దీపావళి దాకా ట్యాంకు కింద కాపలా ఉంటాను. ఒక్కణ్ణే చాలను, నువ్వూ రా. మైకు మాత్రం తేవొద్దు.

నీ మేనమామ కొడుకు