నేల పొడిగా ఉంది

ప్రియమైన పిచ్చుకకు,

నాన్న దీవెనలు. నువ్వు బండి తీసుకుని కొండెక్కినప్పట్నుంచి ఇల్లు బోసిపోయింది, నా షెడ్డు ఇంకా బోసిపోయింది. ఫోను పట్టుకుంటే నాకు "ఆ", "ఊ" తప్ప మాట పెగలదని నీకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

పోయిన నెల ఘాట్ రోడ్డు మధ్యలో పెట్రోలు అయిపోయి, ఆ మంచులో ఒక్కదానివే కూర్చున్నానని నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు. కొండ కింద ఉన్నది ఒకటే బంకు. దానికి వారానికోసారి ట్యాంకరు వస్తుంది, అదీ వస్తే వచ్చినట్టు. నువ్వేమో మందుల పెట్టెలనీ, రోగులనీ ఎక్కించుకుని తిరగాలి. అలాంటి చోట బండి ఎంత తక్కువ తాగితే నీకు అంత క్షేమం. ఇంజను విద్య నాకు రాదు. గరాటాలు, ట్రంకు పెట్టెలు, చూరు గొట్టాలు చేసుకునే రేకుల పనివాణ్ణి. చేతనైంది చేశాను.

కారు ఒళ్ళంతా మీ అమ్మ ఉన్ని పోగులు అంటిస్తుంటే "ఎందుకు నాన్నా?" అన్నావు. "చూద్దాం" అన్నాను. ఇప్పుడు చెబుతాను. నువ్వు నడుపుతుంటే నేను మెకానిక్ స్కూటరు వెనక కూర్చుని చూశాను కదా, తలుపుల మీది పోగులు బుద్ధిగా వెనక్కి పడుకున్నాయి. చక్రాల దగ్గరవి మాత్రం పూనకం వచ్చినట్టు ఊగాయి. అంటే గాలి అక్కడ చిక్కుపడి సుడి తిరుగుతోంది. ఆ సుడే బండిని వెనక్కి లాగుతుంది. అందుకే వెనక చక్రాలకు రేకు మూతలు పెట్టాను. బండి అడుగున గొట్టాలూ కడ్డీలూ గాలికి అడ్డం పడకుండా ముందు బంపరు నుంచి సీట్ల కిందిదాకా పెద్ద పళ్ళెం బిగించాను. చేపకు పొట్ట నున్నగా ఎందుకుంటుందో ఆలోచించు. మీ అమ్మ మాత్రం "కారుకు పరికిణీ కూడా కుట్టారా!" అని పక్కింటివాళ్ళకు చెప్పి నవ్వుతోంది.

ఒక్క మాట మరిచిపోకు. బండి తీసేముందు దాని కింద నేల చూడు. చిన్నప్పుడు నేర్పిందే. బండికి నోరు లేదు, దాని జబ్బు నేలే చెబుతుంది. నల్ల మరక అయితే ఇంజను ఆయిలు, నాలుగు రోజులు ఆగినా ఫరవాలేదు. వంటనూనెలా తేటగా ఉంటే అది బ్రేకుది. అది కనిపిస్తే తాళం తీసి జేబులో వేసుకో, ఇక బండి ముట్టుకోకు.

ఉత్తరం మొదట్లో క్షేమమని రాయకపోయినా ఫరవాలేదు. నేల పొడిగా ఉందని రాయి, నాకు అదే క్షేమం. మైలేజీ కూడా రాయి. నా రోజువారీ పద్దులో దానికో గడి గీసి ఉంచాను.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకు,

నేల పొడిగా ఉంది.

నీ చేప కొండెక్కింది. ఆరోగ్యకేంద్రం వాచ్‌మన్ తాత బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "నర్సమ్మా, నీ వెనక చక్రాలు ఎవడో ఎత్తుకుపోయాడు, చూసుకున్నావా?" అన్నాడు. మూత తీసి చక్రం చూపిస్తే గానీ నమ్మలేదు. ఇప్పుడు వచ్చినవాళ్ళందరికీ తనే తీసి చూపిస్తున్నాడు.

మొదటిసారి కిందికి దిగుతుంటే మూడో మలుపు దగ్గర ఏదో చప్పుడైంది. కొంచెం భయపడ్డాను. వెనకొస్తున్న లారీ ఆయన ఆగి సాయం చేశాడు. ఇప్పుడు ఏ చప్పుడూ లేదు, నువ్వేమీ కంగారుపడకు.

అసలు సంగతి విను. లీటరుకు పదిహేను దాటని బండి ఈసారి పదిహేడు ఇచ్చింది. నీ గడిలో రాసుకో. బంకు అతను కూడా "ఏమిటి మేడమ్, ఈమధ్య మామీద అలిగారా, ఆలస్యంగా వస్తున్నారు?" అన్నాడు.

ఇక్కడ సాయంత్రం అయ్యేసరికి మంచు కమ్మేస్తోంది. ముందు బానెట్టే కనిపించదు. దిగుతున్నప్పుడు పక్కన లోయ ఉందని తెలుసు, కానీ కనిపించదు. కనిపించకపోవడమే మేలేమో. అమ్మను అడిగానని చెప్పు.

నీ పిచ్చుక

*

ప్రియమైన పిచ్చుకకు,

పదిహేడు! నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. మెకానిక్‌కు చూపించాను. "అన్నా, ఇంకో నాలుగు రేకులు కొడితే బంకువాడికి బండే పెట్రోలు పోసి వస్తుందేమో!" అన్నాడు వెటకారంగా. అననీ. కాగితం మీద అంకె ఉంది కదా.

ఆ చప్పుడేమిటో నువ్వు రాయలేదు. పళ్ళెం బోల్టు వదులైందా? నాలుగు మూలలా స్ప్రింగు వాషర్లు వేశాను, వదులవకూడదు. అయినా ఒకసారి చేత్తో కదిపి చూడు. చూసి రాయి.

ఈ పార్సిల్లో ముందు జాలీకి సగం మూత పంపుతున్నాను. జాలీలోంచి దూరిన గాలి ఇంజను చుట్టూ కొట్టుకుని బండికి బరువవుతుంది. మీ కొండమీద చలి కాబట్టి సగం మూసినా ఇంజనుకు ఏమీ కాదు. కానీ వేడి ముల్లు మీద ఒక కన్నుంచు. ముల్లు సగం దాటితే మూత పీకి అవతల పారెయ్యి. రేకు పోతే ఇంకో రేకు చేస్తాను.

ఇంకో సంతోషం. నీ బండికి ఆ పాత ఆయిలు కారడం ఉండేది కదా, మన షెడ్డులో ఎప్పుడూ రూపాయి బిళ్ళంత మరక పడేది. ఇప్పుడు నేల పొడిగా ఉందన్నావు. పళ్ళెం బిగించేటప్పుడు ఆ నట్టు కూడా ఒక చుట్టు బిగించాను, దాని పుణ్యమే అయ్యుంటుంది.

మీ అమ్మ నీ ఉత్తరం నాచేత రెండుసార్లు చదివించుకుంది. ఆ చప్పుడు సంగతి మూడోసారి కూడా చదివించుకుంది.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకు,

నేల పొడిగా ఉంది.

జాలీ మూత పెట్టాను. బాగుంది. పొద్దున్న ఇంజను తొందరగా వేడెక్కుతోంది. ఈసారి మైలేజీ పందొమ్మిది. అవును, పొరపాటు రాయలేదు, రెండుసార్లు లెక్క చూశాను.

వారంగా వాన. కేంద్రం ఫోను మూగబోయింది. రోడ్డు మీద రెండుచోట్ల రాళ్ళు జారాయి. నాకు ఈ మధ్య దిగుడంటే భయం పట్టుకుంది నాన్నా. ఎవరికీ చెప్పలేదు, నర్సే భయపడితే ఇక్కడివాళ్ళు ఎవరిని చూసి ధైర్యం తెచ్చుకుంటారు? రెండో గేరు దాటడం లేదు. వెనకవాళ్ళు హారన్లు కొట్టి కొట్టి విసిగి దాటిపోతున్నారు. బ్రేకు మీద కాలు పెడితే కాలి కింద ఏమీ లేనట్టు, మెత్తగా ఎక్కడికో దిగిపోతున్నట్టు ఉంటోంది. మోకాలు వణుకుతోంది కాబోలు. సీటు ముందుకు జరుపుకున్నాను, కొంచెం నయం.

శుక్రవారం పొద్దున్న ఒక గర్భిణిని కింద పెద్దాసుపత్రికి దింపాలి. బిడ్డ అడ్డం తిరిగింది. ఆమె పొద్దస్తమానం "నర్సమ్మా, నువ్వే నడుపుతావు కదా? నువ్వయితే నెమ్మదిగా తీసుకెళ్తావు" అంటోంది. ఆమె ధైర్యం నేను. నా ధైర్యం ఎవరో తెలీదు.

అమ్మకు ఈ భయం సంగతి చదివి వినిపించకు.

నీ పిచ్చుక

*

పిచ్చుకా,

ప్రియమైన అని రాసే తీరిక లేదు. ఈ ఉత్తరం అందగానే బండి ముట్టుకోకు. ముందు ఆ పని చెయ్యి, తర్వాత కింద చదువు.

నీ ఉత్తరం ఈ మధ్యాహ్నం అందింది. ఇవాళ బుధవారం. మెకానిక్ షెడ్డుకు కాలిన కారు ఒకటి లాక్కొచ్చారు. ఎవరో నాలాంటి తెలివిగలవాడే దాని అడుగున పళ్ళెం బిగించాడు. కారిన ఆయిలంతా పళ్ళెంలో చేరి, పొగగొట్టం వేడికి అంటుకుంది. లోపలివాళ్ళు దూకి బతికారు. నేను మెకానిక్‌తో అన్నాను, "మా అమ్మాయి రోజూ నేల చూస్తుంది, పొడిగానే ఉందట" అని. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నా మొహంలోకి చూశాడు.

"పొడిగా ఎందుకుండదన్నా? కారేదంతా నీ పళ్ళెం పట్టుకుంటుంటే నేలకేం తెలుస్తుంది?"

బండికి నోరు లేదని నీకు చెప్పినవాణ్ణి నేనే, నేల నోరు మూసినవాణ్ణీ నేనే.

ఇంటికొచ్చి మీ అమ్మకు అంతా చదివి వినిపించాను. నువ్వు వద్దన్న ముక్క కూడా. తను కోప్పడలేదు. "మొదటి ఉత్తరం నుంచే నాకు గుండెల్లో గుబులుగా ఉందండీ. మీరు అంకె చూసుకుని మురిసిపోయారు. అది నెమ్మదిగా నడిపే పిల్లేనా? సైకిలు నేర్చుకున్ననాడే గోడను గుద్దింది. అలాంటిది రెండో గేరులో పోతోందంటే దానికో, బండికో ఏదో అయింది" అంది.

మీ ఫోను పలకడం లేదు. రేపు తెల్లవారుజామున పైకొచ్చే టపా వ్యాను డ్రైవరుకు ఈ ఉత్తరం ఇస్తున్నాను. నన్నూ ఎక్కించుకోమని బతిమాలాను, "మనుషుల్ని ఎక్కిస్తే నా ఉద్యోగం ఊడుతుంది పెద్దాయనా" అన్నాడు. బస్సు శుక్రవారం గానీ లేదు. దానికి వస్తాను. ఆ గర్భిణిని ఇంకెవరి బండిలోనైనా పంపు.

నేల పొడిగా ఉన్నా నమ్మకు. పళ్ళెం విప్పి చూడు. విప్పి, ఆ కొండమీంచి కిందికి విసిరెయ్యి.

నాన్న

*

ప్రియమైన నాన్నకు,

ఆ గర్భిణి ఈ ఉత్తరంతో పాటే కిందికి దిగుతోంది. మనుషుల్ని ఎక్కించుకోనన్న వ్యాను డ్రైవరు ఆమె పొట్ట చూసి, తల గోక్కుని, ముందు సీటు మీది సంచులు తనే తీశాడు. వాచ్‌మన్ తాత భార్య తోడు వెళ్తోంది. కాబట్టి ముందు ఊపిరి పీల్చుకో.

నీ పళ్ళెంలో ఆయిలు చేరలేదు. ఎందుకంటే పళ్ళెం బండికి లేదు. మొదటి రోజు మూడో మలుపులో దాని ముందంచు ఊడి రోడ్డుకు తగిలింది. బండి కింద ఏదో జంతువు పడి అరుస్తున్నట్టు రోడ్డు పొడుగునా ఈడ్చుకుపోయింది. లారీ ఆయన పడుకుని, పటకారుతో మిగతా బోల్టులు విప్పి దాన్ని లాగేశాడు. ఇప్పుడది కేంద్రం వెనక కట్టెల మీద కప్పి ఉంది. ఇంత వానలోనూ ఒక్క కట్టె తడవలేదు. నువ్వు పదిహేడు చూసి మురిసిపోతుంటే అది లేదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

మరి పళ్ళెం లేకుండా పందొమ్మిది ఎలా వచ్చింది? నేనూ అదే అనుకునేదాన్ని. నా భయమే యాక్సిలరేటరు తొక్కనివ్వకుండా, దిగుడంతా గేరు మీదే దింపి మైలేజీ పెంచుతోందని లోలోపల నవ్వుకున్నాను కూడా.

నీ ఉత్తరం చదివాక నవ్వు రాలేదు. ఇంకో సంగతి ఉంది. "నేల పొడిగా ఉంది" అని రాశాను కదా, అది చూసి రాసింది కాదు నాన్నా. అందరూ ఉత్తరం మొదట్లో "ఇక్కడ మేమంతా క్షేమం" అని రాసేస్తారే, అలా రాశాను. ఆ చప్పుడు తర్వాత వంగి బండి కిందికి చూడాలంటే ఒళ్ళు జలదరించేది. ఏం కనిపిస్తుందోనని ఒక్కనాడూ చూడలేదు.

ఇవాళ చూశాను. తాత టార్చి పట్టుకున్నాడు, నేను బోర్లా పడుకున్నాను. పళ్ళెం అంచు ఈడ్చుకుపోతూ ఒక సన్నటి గొట్టాన్ని గీసింది. ఆ గీత దగ్గర ఒక చుక్క ఊరుతోంది. చూస్తుండగానే లావై, జారి, కింద పడింది. దాని కింద అన్నం కంచమంత మరక. వేలితో ముట్టుకున్నాను. నల్లగా లేదు. వంటనూనెలా ఉంది.

వణికింది నా మోకాలు కాదు నాన్నా. రోజురోజుకీ పెడలే లోపలికి పోతోంది, నేను సీటు ముందుకు జరుపుకుంటూ వచ్చాను. బండి ఆగదని నా కాలికి తెలిసింది, నాకే తెలియలేదు. అదే నన్ను రెండో గేరులో పెట్టింది. నీ పద్దులో ఆ పందొమ్మిది కొట్టెయ్యి.

రేపటి బస్సుకు నువ్వు వస్తావని తెలుసు. కొత్త బ్రేకు గొట్టం తెచ్చుకో, మెకానిక్‌నూ తెచ్చుకో. ఆయన ఎంత వెటకారం చేసినా ఈసారి పడదాం. అమ్మకు చెప్పు, గోడను గుద్దిన పిల్ల ఈసారి గుద్దకుండానే ఆగిందని.

తాళం జేబులో వేసుకున్నాను. చూసే రాస్తున్నాను.

నేల తడిగా ఉంది. నువ్వు రా.

నీ పిచ్చుక