టీవీ ఈ బ్యాటరీకి తగిలియ్యకు

అమర్,

కొత్త బ్యాటరీ తెచ్చి మన లినక్స్ కంప్యూటర్‌కు కలిపిన. రెండింటి నడుమ సన్న వైరుంది, పీకకు, కరెంటు పోయిందని కంప్యూటర్‌కు చెప్పేది అదే. కరెంటు పోయి మగ్గాలు ఆగినంకనే దాని కూత ఇనవడ్తది. భయపడకు, పది నిమిషాలల్ల కంప్యూటర్ అన్నీ దాసుకొని తనే బంద్ అయితది.

మ్యాచ్ కోసం మల్ల టీవీ దీనికి తగిలియ్యకు. మొన్న గట్లనే పాత బ్యాటరీ ఒడిసి, కంప్యూటర్ నడుమల్నే ఆరిపోయి, నేను దాంట్ల రెండేండ్లు గీసిన చీర అంచులన్నీ పోయినయ్. "ఆడపిల్లకు మిషన్ అప్పజెప్పుడే నా తప్పు" అని బాపు కార్ఖానాల అందరి ముందట అన్నడు. నువ్వు పక్కనే నిలబడి చాయ్ తాగినవ్.

కాల్హేర్ ఊర్ల ఒక గోదాంల నాకు కంప్యూటర్ అప్పజెప్పిన్రు. ఇయ్యాల్టి సంది గక్కడికే డ్యూటీకి పోతున్న. పప్పు పొయ్యి మీదుంది, వేడి చేసుకో.

అక్క

టీవీ పెట్టింది నువ్వని బాపుకు చెప్పలే. నువ్వే చెప్తవని పది దినాలు చూసిన.