విరిగిన స్టడ్డు

సబ్బవరం,
12 ఆగస్టు 2003

ప్రియమైన మీకు,

పై మాట పన్నెండేళ్ల అలవాటు మీద పడింది. అది చూసి నేను మెత్తబడ్డాననుకోకండి.

"ఆశకి కోపం తగ్గితే తనే వస్తది" అని మా తమ్ముడితో ఫోన్లో అన్నారట. పుట్టింటికి ఎందుకు వచ్చేశానో మీకింకా తెలియదు. అందుకే రాస్తున్నాను.

మే నెలలో రెండు ఆదివారాలు క్వార్టరు ముందు కారు ఆపి బానెట్టు కింద తల దూర్చారు. ఇంజన్ పొగ బయటికి పంపే పాత ఇనుప మానిఫోల్డు తీసేసి బజారులో కొన్న హెడ్డరు వేస్తే బండి పరుగే వేరన్నారు. నాలుగు గొట్టాలు వంపులు తిరిగి ఒకటిగా కలిసే ఆ వస్తువుని వీధిలో అందరికీ చూపించారు. మెకానిక్ ఇద్రీస్ భాయ్‌ని పిలుద్దామంటే, "ఫర్నేసులు విప్పి బిగించేవోడికి మెకానిక్కేటే" అన్నారు. పాతది ఊడదీస్తుంటే టప్పుమని ఏదో విరిగింది. ఏమైందని అడిగాను. మీరు తల ఎత్తలేదు. "ఏటీ లేదు, నువ్వెళ్లు" అన్నారు.

అప్పటి నుంచి బండి స్టార్ట్ చేస్తే టిక్కు టిక్కుమనేది. హెడ్డరు సౌండు అలాగే ఉంటుందన్నారు. ఏసీ వేసుకుని వెళ్లిన ప్రతిసారీ నాకు తల పగిలిపోయేది, కడుపులో తిప్పేది. పాప మధులత బండెక్కిన పావుగంటకే నిద్రపోయేది. "అమ్మాకూతుళ్లకి కారు పడదు" అని నవ్వారు. మీ వైపు అద్దం మాత్రం ఎప్పుడూ నాలుగు వేళ్లు దించి ఉండేది. సిగరెట్టు కోసమనుకున్నాను.

జూలైలో అనకాపల్లి పెళ్లి నుంచి మన కారులో వస్తూ మా అమ్మ, "ఆశా, సేతులు నాయి కావన్నట్టున్నాయే" అంది. మరి పలకలేదు. ఆస్పత్రిలో డాక్టరు గారు మీ మొహం చూసి అడిగారు, "ఎక్కడైనా పొగలో ఉన్నారా ఈవిడ?" మీరు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "లేదు సార్, బీపీ మనిషి" అన్నారు.

పోయిన వారం ఇద్రీస్ భాయ్ ఆ పాత మానిఫోల్డు ఇస్తారేమో అడగడానికి ఇంటికొచ్చాడు. మీరు డ్యూటీలో ఉన్నారు. "అమ్మా, హెడ్డరుని ఇంజన్‌కి బిగించే ఆ స్టడ్డు బోల్టు సంగతి సారు సూసేరా? ఇరిగిన ముక్క ఇంజన్ హెడ్డులోనే ఉండిపోయింది. ఆ మూల బిగువు లేక పొగ గ్యాసు బండి లోపలికి లీకవుతంది. హెడ్డు దించి తీద్దాం, అంతదాకా ఇంట్లోవోళ్లని ఎక్కించొద్దని జూన్లో బండి సూసినప్పుడే సెప్పేను" అన్నాడు. బానెట్టు ఎత్తి, అతుకు దగ్గర నల్లటి మసి చూపించాడు.

జూన్. మా అమ్మ పడిపోయింది జూలై. ఆ కార్బన్ మోనాక్సైడు గ్యాసుకి రంగుండదు, వాసనుండదు, నిద్రలా వస్తుంది అని స్టీలు ప్లాంటులో కొత్తవాళ్లకి క్లాసు చెప్పేది మీరే. తెలియక చేసిన మనిషైతే నేను క్షమించేదాన్ని.

మా అమ్మ ఇప్పుడు పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతోంది. నన్ను పోయిన మా పిన్ని పేరుతో పిలుస్తోంది. డాక్టరుకి అబద్ధం చెప్పానని ఆవిడ ఎదురుగా ఒక్కసారి అనండి. వస్తాను. అనలేకపోతే రావద్దు.

ఆశాజ్యోతి


ఉక్కునగరం,
20 ఆగస్టు

ఆశా,

మెకానిక్ మాట పట్టుకుని మొగుడిని హంతకుణ్ణి చేశావు. నీ ఉత్తరం పంపేముందు మీ తమ్ముడికి చూపించావో లేదో కూడా నాకు తెలియదు. అయినా నిజమే రాస్తాను.

స్టడ్డు విరిగింది. విరిగిన సంగతి ఆ రోజే తెలుసు. హెడ్డు దించితే నేను పని చెడగొట్టానని వీధంతా తెలుస్తుంది. అంత గొప్పగా చూపించుకున్నాక నావల్ల కాలేదు. వచ్చే ఆదివారం తీద్దాం, ఆ పై ఆదివారం తీద్దాం అనుకుంటూ గడిపాను. డాక్టరు అడిగినప్పుడు నా నోరు దానంతటదే లేదంది. అనేశాక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు. తప్పు నాదే. అత్తయ్య కాళ్లు పట్టుకుని ఆ మాటే చెబుతాను.

గొడవంతా ఆ కారుతోనే వచ్చింది కనుక దాన్ని అమ్మి వదిలించుకున్నాను. పెందుర్తి బస్టాపు దగ్గర సైకిల్ షాపు నడిపే ఎల్లాజీ అనే అతను నిన్న తోలుకుపోయాడు. మంచివాడు, సంసారి. పిల్లల్ని బడికి దింపడానికి తీసుకున్నాడు. ఇక మన మధ్య గొడవేమీ లేదు. 31వ తేదీ ఆదివారం వస్తాను, సామాను సర్దుకో.

నీ
మోహనకృష్ణ


సబ్బవరం,
25 ఆగస్టు

మోహనకృష్ణ గారికి,

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. తప్పు నాదే అన్న మాట మీ చేత్తో రాయడం పెళ్లయ్యాక అదే మొదలు. పాప గౌన్లు పెట్టెలో పెట్టడం కూడా మొదలుపెట్టాను. అప్పుడు మళ్లీ చదివాను. ఎల్లాజీకి ఏం చెప్పి ఇచ్చారో ఎక్కడా రాయలేదు.

పెందుర్తి బస్సెక్కాను. అతని షాపు, ఆ వెనకే ఇల్లు దొరకడం కష్టం కాలేదు. కారు గుమ్మం ముందే ఉంది. స్టడ్డు సంగతి చెప్పారా అని అడిగితే ఎల్లాజీ తెల్లబోయాడు. "సప్పుడేటి సార్ అంటే, హెడ్డరు సౌండే అలాగుంటది అన్నారండి" అన్నాడు. అతని భార్య పోతమ్మ చంటిదాన్ని ఎత్తుకుని గుమ్మంలోకి వచ్చింది. "నిన్న సింహాచలం ఎల్లొచ్చేం. పిల్లలిద్దరూ ఒకటే వాంతులు. ఎండ దెబ్బనుకున్నాను" అంది.

నేనే బానెట్టు ఎత్తి మసి చూపించాను. ఏ ఇంటిదాన్నో, మా అమ్మకి ఏమైందో, అంతా చెప్పాను. మీ పేరు దాచలేదు. ఎల్లాజీ నన్ను తిట్టలేదు. తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీరు రాకపోతే ఏటయిపోయేది" అంటూ పోతమ్మ చంటిదాన్ని కారుకి దూరంగా తీసుకెళ్లింది. ఆ ప్రశ్నకి జవాబు మీ దగ్గర ఉందేమో చూసుకోండి.

ఇద్రీస్ భాయ్ వచ్చి హెడ్డు దించి ఆ ముక్క తీస్తానన్నాడు. అంతవరకు బండి కదలదు.

మీరు భయపడ్డప్పుడు అబద్ధం చెప్పారు, అది మనిషి బలహీనత అనుకుని ఆ ఆదివారం కోసం చూశాను. కానీ తప్పు నాదే అని రాసిన కాగితం మీదే, ముందు రోజు ఇంకొకరి పిల్లల్ని అందులో కూర్చోబెట్టిన సంగతి గొప్పగా రాశారు. మీ భయమంతా నేను వెళ్లిపోతానని. ప్రాణం పోతుందని కాదు.

పాపని ఇక్కడి బడిలో చేర్చాను. నేను రాను. దాన్ని చూడాలనిపిస్తే ఆదివారం రండి. వరండాలో కుర్చీ వేస్తాను. లోపలికి పిలవను.

ఆశాజ్యోతి