విభూది పెట్టిన డబ్బా

కర్నూలు,
అక్టోబరు 24.

చి.ల.సౌ. శివలీలకు,

వీరేష్ రాయునది. ఇక్కడ అమ్మ, హర్షిణి, నేను బాగున్నాము. నువ్వక్కడ తెల్లవారకముందే మైదానం చుట్టూ పరుగులు తీస్తూ కూడా బాగున్నావనే అనుకుంటున్నాను. ఆదివారం మీ ట్రైనింగువాళ్లు ఫోను చేతికిచ్చే పది నిమిషాల్లో సగం హర్షిణికే సరిపోతుంది. మిగిలిన సగంలో నీ వెనక వరసలో నిలబడ్డవాళ్లు సణుగుతుంటారు. అందుకని ఉత్తరమే మేలు. ఇది మూడోసారి మొదలుపెట్టడం. ముందు రాసిన రెండూ చింపేశాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబులు చెప్తాను. అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది, తగ్గిందని మాత్రం ఒప్పుకోవడం లేదు. ఆలూరులో మంచి వాన పడింది, మీ నాయన శనగ విత్తాడు. హర్షిణి బడిలో తన పలక తీసుకున్న పిల్లవాడితో "మా అమ్మ పోలీసు, వచ్చినాక చెప్తాను" అందట. టీచరు నన్ను పిలిపించి నవ్వుతూనే చీవాట్లు పెట్టింది. నేను వేళకు తింటున్నానా అని అడిగావు. తింటున్నాను. నిద్ర సంగతి నువ్వడగలేదు, అదీ నయమే.

ఇక మా ఆసుపత్రి సంగతి. మీకక్కడ దొంగలను పట్టడం నేర్పుతున్నారు కదా, ఇక్కడ నాకూ ఒక దొంగను పట్టే పని పడింది. దసరా అయిన వారానికి నేను కంప్యూటర్లన్నీ తనిఖీ చేస్తుంటే, ఆసుపత్రిది కాని వైఫై ఒకటి మా లోపలి వైరుకే తగులుకొని ఉన్నట్లు తేలింది. దాన్ని పట్టుకున్నవాడు ఎవడైనా రోగుల రిపోర్టులున్న చోటికి దర్జాగా నడిచి రావచ్చు. వీధి తలుపుకు పెద్ద తాళం వేసుకొని, దొడ్డివాకిలి బార్లా తీసిపెట్టినట్లు. మేనేజరు హర్షవర్ధన్ గారు నన్ను పిలిచి, మూడు రోజుల్లో దాన్ని కనిపెట్టకపోతే నువ్వే పెట్టావనుకోవలసి వస్తుందన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఫోనులో సిగ్నలు కొలిచే యాప్ పెట్టుకొని తిరగడం మొదలుపెట్టాను. దగ్గరికి పోతే గీతలు పెరుగుతాయి, దూరమైతే తగ్గుతాయి. వినడానికి ఇంతే. ఎక్స్‌రే గది గోడల్లో సీసం ఉంటుంది, అక్కడ అన్నీ మాయమవుతాయి. ఇనుప బీరువాల దగ్గర లేనిది ఉన్నట్లు చూపిస్తుంది. మొదటి రోజు మూడో అంతస్తులో ఉందనుకొని స్టోరు గదంతా తిరగేశాను. రెండో రోజు రెండో అంతస్తులో మంచాల మధ్య ఫోను పైకెత్తి తిరుగుతుంటే ఒక ముసలమ్మ చూసి చూసి, "బిడ్డను పోగొట్టుకున్నోని మాదిరి తిరుగుతాండావు, ఏమైందప్పా?" అని అడిగింది. ఫోను దించి ముందుకు నడిచాను. కాళ్లు తిరుగుతూనే ఉన్నాయి, బుర్ర మాత్రం ఎక్కడా నిలవడం లేదు.

మూడో రోజు వేరే దారి పట్టాను. మధ్యాహ్నం భోజనాల వేళ వైర్లు కలిసే పెట్టె తెరిచి, ఒక్కొక్క వైరును అర నిమిషం పీకి మళ్లీ పెడుతూ వచ్చాను. పదిహేడో వైరు పీకగానే ఆ వైఫై చచ్చిపోయింది. ఆ వైరు వెంబడి పోతే కింది అంతస్తులో లోపలగా ఉన్న డయాలిసిస్ వార్డు వచ్చింది. స్టూలెక్కి పైకప్పు అట్ట పక్కకు జరిపాను. డబ్బా అక్కడే ఉంది, పచ్చ లైటు వేసుకొని. దాని మీద మూడు విభూది రేఖలు, నడుమ కుంకుమ బొట్టు, ఎండిన బంతిపువ్వు ఒకటి.

ఆయుధ పూజ రోజు ఆసుపత్రి మిషన్లన్నిటికీ నేనే బొట్లు పెట్టాను. నేను పెట్టేది ఉత్త కుంకుమే. విభూది రేఖలు తీర్చేది ఒక్కడే, ఆ వార్డు అటెండరు పెద్ద ఈరన్న. మన ఆలూరు వైపువాడే, ఇంకో ఏడాదిలో రిటైరవుతాడు. దాచిపెట్టిన దొంగ డబ్బాకు కూడా అటక మీదికి చెయ్యి పెట్టి పూజ చేసే మనిషిని నువ్వెక్కడైనా చూశావా? అడిగితే తల వంచుకొని, "సంవత్సరమంతా పని చేయించుకుంటాము. ఆ ఒక్క దినము గూడా విబూది పెట్టకపోతే పాపం గాదా?" అన్నాడు.

ఎందుకు పెట్టావంటే చెప్పాడు. ఆ గదిలో ఫోనుకు సిగ్నలు అందదు. రోగులు వారానికి రెండు మూడుసార్లు వచ్చి నాలుగేసి గంటలు సూదులతో పడుకోవాలి. పత్తికొండ గురమ్మ అని ఒకామె ఉంది. ఆమె కూతురు బెంగళూరులో ఉంటుంది, ఆ నాలుగు గంటలూ తల్లితో వీడియోలో మాట్లాడుతూ కూచుంటుంది. వైఫై పాస్‌వర్డు ఒకటి నుంచి ఎనిమిది వరకు అంకెలు. వార్డులో అందరికీ తెలుసు, నాకు తప్ప.

నేను డబ్బా తీసేసి, ఈరన్న పేరు రాయకుండా రిపోర్టు ఇచ్చాను. పోయిన ఏడాది వైర్లు వేసినవాళ్లు వదిలేసి పోయి ఉండవచ్చని రాశాను. ముసలాయన ఉద్యోగం ఎందుకు తీయించాలి అనుకున్నాను. నువ్వున్నా అలాగే చేసేదానివని నాకు నేనే చెప్పుకున్నాను కూడా.

'వదిలేసి పోయి ఉండవచ్చు' అని నేను రాసింది హర్షవర్ధన్ గారి నోట్లో 'వదిలేశారు' అయింది. కాంట్రాక్టరుకు ఫోను చేశాడు. కాంట్రాక్టరు ఆ పని చేసిన ఓబుళేశును పనిలోనుంచి తీసేశాడు. కడప వైపు కుర్రాడు, పెళ్లై ఏడాది కాలేదు. నిన్న ఫోను చేశాడు. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. "అన్నా, ఆ డబ్బాను నేను కండ్లతో గూడా సూడలేదు. సూసినోనివి నువ్వే. నువ్వొక మాట చెప్తే ఇంటారంట," అన్నాడు. చూస్తానని పెట్టేశాను. అప్పటినుంచి కూచుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలియడం లేదు. అమ్మ రెండుసార్లు జ్వరమేమోనని నుదురు పట్టి చూసింది.

శివలీలా, ఇప్పటిదాకా రాసింది సగమే. ముందు రాసిన రెండు ఉత్తరాలూ ఇక్కడికి వచ్చాకే చింపేశాను.

అట్ట జరిపినప్పుడు నాకు విభూది చూసి గుర్తుపట్టే అవసరమే లేకపోయింది. డబ్బా మూల పగిలి ఉంది. హర్షిణి టీవీ బల్ల మీది నుంచి పడేసినప్పుడు పగిలిన మూల. అది మన ఇంటి పాత వైఫై డబ్బా. వేసవిలో కొత్తది వేయించుకున్నాక ఈరన్నకు నేనే ఇచ్చాను. ఇంట్లో మనవళ్లకు కావాలేమో అనుకున్నాను. ఇదెట్లా పని చేస్తుందప్పా అని అతనడిగితే, టీ తాగుతూ, గోడలో ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ వైరు దూర్చు, అదే పని చేస్తుందని ఎకసెక్కాలాడాను. పెద్ద మనిషి నా మాట నమ్మి అలాగే చేశాడు. గోడలో నెట్ వైరు పెట్టే ఆ సందును, వాడని రోజుల్లో పని చేయకుండా మూసిపెట్టాల్సింది కూడా నేనే. ఏడాదిగా మూయలేదు. నేను కాపాడింది ఈరన్నను కాదు, నన్ను.

నిన్న సాయంత్రం ఈరన్న దగ్గరికి పోయి ఓబుళేశు సంగతి చెప్పాను. చేతిలోని బకెట్టు కింద పెట్టాడు. తర్వాత, "నా పేరు రాసెయ్యి వీరేషప్పా. డబ్బా ఎవరిచ్చినారంటే సంతలో కొన్యానంటా. నీకు చిన్న బిడ్డ ఉండాది," అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. ఎందుకంటే ఆ మాట వినగానే ఒక్క క్షణం నాకు ప్రాణం తేలికపడింది. ఆ ఒక్క క్షణాన్ని నీకు చెప్పకుండా ఉండలేను.

నా ఉద్యోగం పోతే నీ ట్రైనింగు ముగిసేదాకా ఇల్లు నడవడం కష్టమే. రేపు నువ్వు పోలీసు ఉద్యోగంలో చేరేటప్పుడు నా వల్ల నీకు మాట వస్తుందేమోనని కూడా భయంగా ఉంది. నన్ను తిట్టాలనిపిస్తే ఆదివారం హర్షిణికి ఫోను ఇవ్వకముందే తిట్టు.

పొద్దున్నే రెండో రిపోర్టు రాసి మడిచి జేబులో పెట్టుకున్నాను. జరిగింది జరిగినట్లు రాశాను. మొదటి పేరు నాది, రెండోది ఈరన్నది, ఓబుళేశుకు ఇందులో సంబంధం లేదని చివరి వాక్యం. డయాలిసిస్ వార్డుకు వేరుగా వైఫై వేయించమని అడుగుదామనుకున్నాను గానీ, ఈ రోజు అడిగే ముఖం నాకు లేదు.

ముందు ఈ ఉత్తరాన్ని పోస్టు చేసి, ఆ తర్వాతే హర్షవర్ధన్ గారి గదికి పోతాను. ముందు ఆయన దగ్గరికి బయలుదేరితే మెట్ల మీదే మనసు మార్చుకుంటాను, నా సంగతి నాకు తెలుసు. ఇది నీకు వచ్చేస్తోందంటే, ఇక నేను వెనక్కి తిరగడానికి దారి లేదు.

ఇట్లు,
నీ భర్త
వీరేష్